వంటింటి కాటాతో తిండి తూచడం: లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేసుకోవాలి

చెంచాతో వదులుగా పోసి పైన గీసేస్తే కప్పు మైదా 120 గ్రాములు తూగుతుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. కప్పు మారలేదు, పిండీ మారలేదు, తూకం మాత్రం పావు వంతు పెరిగింది. కాటా కొనేది ఈ గొడవ వదిలించుకోవడానికే. అయితే కాటా వచ్చాక కూడా లెక్క తప్పుతూనే ఉంటుంది. చాలాసార్లు ఆ తప్పు కాటాది కాదు, ఏది తూచాం, ఎప్పుడు తూచాం అన్నదాంట్లో ఉంటుంది.

రోజువారీ వాడకానికి 5 కిలోల వరకు మోసే, 1 గ్రాము చొప్పున చూపే ఎలక్ట్రానిక్ కాటా చాలు. ఉప్పు, ఈస్ట్ లాంటివి తూచాలంటే మాత్రం 0.1 గ్రాము చూపే చిన్న జేబు కాటా వేరుగా ఉండాలి. పెద్ద కాటా 3 అని చూపినప్పుడు అసలు తూకం 2.5 కావచ్చు, 3.5 కావచ్చు. 200 గ్రాముల అన్నంలో ఆ అర గ్రామును ఎవరూ పట్టించుకోరు, 3 గ్రాముల ఈస్ట్‌లో పట్టించుకోవాల్సిందే.

కాటాను గట్టి, చదునైన బండ మీద పెట్టండి. గుడ్డ పరిచిన బల్ల మీద కాళ్లు సరిగా ఆనక అంకె తేలిపోతుంటుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగిలినా, గిన్నె అంచు గోడకు ఆనినా అంతే. ఆన్ చేసి, సున్నా నిలిచాకే గిన్నె పెట్టాలి, అదీ పళ్లెం మధ్యలో. కాటా మీద అనుమానం వస్తే ఒకే వస్తువును మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ పెట్టి చూడండి. 1, 2 గ్రాముల తేడా మామూలే. అంతకు మించితే కాళ్ల కింద ఏదైనా ఇరుక్కుందేమో, బ్యాటరీ అయిపోవచ్చిందేమో చూసుకోవాలి. సరిచూడటానికి తూకపు రాయి ఒకటి ఉంటే మంచిది. సీలు తీయని ప్యాకెట్ అందుకు పనికిరాదు, మీద రాసింది లోపలి సరుకు బరువే, కవరుది కాదు.

టేర్ మీట సంగతి తెలిసిందే, గిన్నె పెట్టి నొక్కితే సున్నా అవుతుంది. తెలియకుండా దెబ్బతీసేవి రెండున్నాయి. గిన్నె బరువు కూడా కాటా సామర్థ్యంలోంచే పోతుంది: 5 కిలోల కాటా మీద కిలో గిన్నె పెడితే మిగిలేది 4 కిలోలే. రెండోది, కాసేపు వదిలేస్తే చాలా కాటాలు వాటంతటవే ఆగిపోతాయి, దాంతో టేర్ చెరిగిపోతుంది. తరచూ వాడే గిన్నెల ఖాళీ బరువులు ఒక చీటీ మీద రాసి అల్మారా తలుపుకి అంటించుకుంటే ఈ బాధ ఉండదు.

నూనె దగ్గర టేర్‌ను తిరగేసి వాడాలి. సీసానే కాటా మీద పెట్టి టేర్ నొక్కండి. బాణలిలో పోసి, సీసాను మళ్లీ పెట్టండి. అంకె -14 అని వస్తే 14 గ్రాములు వాడినట్టు, అంటే దాదాపు 126 కేలరీలు. చెంచాకు అంటుకున్నదెంత అన్న ప్రశ్నే రాదు. మూత మొదట తీసి ఉంటే తర్వాతా తీసే ఉండాలి, లేకపోతే మూత బరువు నూనె లెక్కలోకి వస్తుంది. వేరుశనగ వెన్న, తేనె లాంటి జిగురు సరుకుకి కూడా ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

చిటికెడు చిటికెడుగా వేస్తుంటే ఒక్కోసారి అంకె సున్నా దగ్గరే కదలకుండా ఉంటుంది. కాటా పాడైందనుకోకండి. నెమ్మదిగా వచ్చే చిన్న మార్పులను సున్నా జరిగిందనుకుని కాటానే సర్దేసుకుంటుంది. అలాంటప్పుడు టేర్ నొక్కకుండా, గిన్నె బరువు కనిపిస్తుండగానే వేయండి: 148 నుంచి 152కి వస్తే 4 గ్రాములు.

మిల్లీలీటర్ల మీటను నీళ్లకు తప్ప నమ్మకండి. చాలా కాటాలు 1 గ్రామును 1 మిల్లీలీటరుగా చూపిస్తాయి, అంతకుమించి చేసేదేమీ లేదు. 100 మిల్లీలీటర్ల నూనె తూగేది 92 గ్రాములే, తేనె అయితే 140 పైనే.

ఇక అసలు తికమక పచ్చిదా, వండిందా అన్నది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 360 కేలరీలు, 100 గ్రాముల తెల్లన్నంలో సుమారు 130. పళ్లెంలోని 200 గ్రాముల అన్నాన్ని పొరపాటున బియ్యం ఖాతాలో రాస్తే 260 కావలసింది 720 అవుతుంది. మాంసానిది ఎదురు లెక్క. నీరు పోయి, 200 గ్రాముల పచ్చి కోడిమాంసం ఉడికాక 150 దగ్గరికి వస్తుంది. అన్నం ఎంత పెరుగుతుందనేది పోసిన నీళ్లను బట్టి మారుతుంది కాబట్టి పచ్చివే తూచుకోవడం మేలు.

మరి అందరికీ ఒకే గిన్నెలో వండితే? ఖాళీ గిన్నె 640 గ్రాములు, అందులో బియ్యం 420 అనుకుందాం. వండాక మూత తీసి తూస్తే 1,890 వచ్చింది. గిన్నె తీసేస్తే అన్నం 1,250. ఐదుగురికి తలా 250, అంటే తలా 84 గ్రాముల బియ్యం. ఎవరైనా 300 వడ్డించుకుంటే 300ని 1,250తో భాగించి 420తో గుణించండి, 101 గ్రాముల బియ్యం తిన్నట్టు. నాలుగైదు సరుకులు కలిసిన కూరకూ ఇదే దారి, బియ్యం బదులు మొత్తం కేలరీలు వేసుకోవడమే.

పొయ్యి మీంచి దించిన గిన్నెను నేరుగా కాటా మీద పెట్టకండి, వేడికి లోపలి సెన్సర్ తప్పు చూపిస్తుంది, పాడైపోనూ వచ్చు. చెక్కపలక వేసి టేర్ చేసి ఆపైన పెట్టండి. పొగలు కక్కుతున్నప్పుడు అంకె గ్రాము గ్రాము తగ్గుతుంటే అది ఆవిరి, కాటా లోపం కాదు.

తొక్కలు, ఎముకలు తీశాకే తూకం. అరటిపండు బరువులో మూడో వంతు దాకా తొక్కే ఉంటుంది. ఎముకల ముక్కలను వడ్డించేటప్పుడు ఒకసారి తూచి, తిన్నాక పళ్లెంలో మిగిలిన ఎముకలను తూచి తీసేస్తే సరిపోతుంది.