వేడి, కరెంటు, వెలుతురు: రసాయన వియోగాన్ని చేసి చూడటం ఎలా?

సమ్మేళనం విడిపోవడమే రసాయన వియోగం. అలా విడిపోవాలంటే శక్తి కావాలి. ఎంత ఇచ్చామన్నదే కాదు, ఏ రూపంలో ఇచ్చామన్నదీ ముఖ్యమే. వేడితో నీరు చెప్పుకోదగ్గంతగా విడిపోవాలంటే 2000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అదే పని 9 వోల్టుల బ్యాటరీ బల్లమీదే చేసేస్తుంది.

ముందు వేడి. గట్టి గాజు పరీక్షనాళికలో 2 గ్రాముల ఆకుపచ్చ కాపర్ కార్బొనేట్ వేయండి. సున్నపురాయి వద్దు, దానికి 900 డిగ్రీల దాకా కావాలి, స్పిరిట్ దీపం చాలదు. నాళిక మూతిని కాస్త కిందికి వంచి బిగించండి. లేకపోతే మూతి దగ్గర చేరిన నీటి చుక్కలు వెనక్కి జారి, వేడెక్కిన గాజును పగలగొడతాయి. వాయువాహక నాళం రెండో కొసను సున్నపుతేటలో ముంచి వేడిచేయండి. పొడి నల్లబడుతుంది (కాపర్ ఆక్సైడ్), సున్నపుతేట పాలలా మారుతుంది (కార్బన్ డయాక్సైడ్ వచ్చిందనడానికి గుర్తు). ఆపేటప్పుడు ముందు నాళాన్ని తేటలోంచి తీయండి, తర్వాతే దీపం ఆర్పండి. వరస తప్పితే చల్లారే నాళిక తేటను లోపలికి పీల్చుకుని పగులుతుంది.

కరెంటుకు ఆ 9 వోల్టుల బ్యాటరీకి కలిపి నీటిలో ముంచిన రెండు కార్బన్ కడ్డీలు చాలు. శుద్ధమైన నీటిలో కరెంటు దాదాపు పారదు కాబట్టి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కొన్ని చుక్కలు కలపాలి. ఉప్పు వేస్తే ఆనోడ్ (బ్యాటరీ ధన ధ్రువానికి కలిపిన కడ్డీ) దగ్గర విషవాయువైన క్లోరిన్ వస్తుంది. ఇంటి ప్లగ్గు కరెంటు జోలికి అసలు వెళ్లొద్దు. హైడ్రోజన్, ఆక్సిజన్ 2:1 నిష్పత్తిలో రావాలి. ఆక్సిజన్ తగ్గినట్టు కనిపిస్తే కంగారు పడకండి: కొంత నీటిలో కరుగుతుంది, కొంత కార్బన్‌తో కలిసిపోతుంది.

వెలుతురు ప్రయోగమే అన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది. 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) సిల్వర్ నైట్రేట్ ద్రావణం 5 మిల్లీలీటర్లకు అంతే గాఢత ఉన్న ఉప్పునీరు 5 మిల్లీలీటర్లు కలపండి. పెరుగు విరిగినట్టు తెల్లని సిల్వర్ క్లోరైడ్ దిగుతుంది. నీడలోనే వడపోసి, కాగితంపై పరిచి, మూడోవంతు నల్లకాగితంతో, మూడోవంతు ముదురు ఎర్రగాజుతో కప్పి ఎండలో పెట్టండి. కప్పని భాగం నిమిషాల్లో ఊదా, బూడిద రంగుల్లోకి తిరుగుతుంది: అక్కడ వెండి ఏర్పడుతోంది. ఎర్రగాజు కింద మాత్రం పెద్దగా మార్పుండదు, ఎందుకంటే ఎర్రని కాంతి ఫోటాన్‌కు (కాంతి శక్తి పొట్లానికి) ఆ పని చేసేంత శక్తి లేదు. కాంతి తీవ్రత పెంచినా లాభముండదు. ఇదే లవణాన్ని వేడిచేస్తే విడిపోదు, 455 డిగ్రీల దగ్గర కరుగుతుంది.

సిల్వర్ నైట్రేట్ చర్మం మీద నల్లమచ్చ వేస్తుంది. చేతితొడుగులు వేసుకోండి, ద్రావణాన్ని ముదురు గోధుమరంగు సీసాలో దాచండి. మిగిలిన ద్రావణంలో ఉప్పు కలిపి, దిగిన అవక్షేపాన్ని వేరే సీసాలో పోగుచేయండి, సింకులో పారబోయకండి.