షో రింగులో కుక్క నడక: ట్రాట్ కుదరాలంటే

డాగ్ షో రింగులో నడిపించమన్నప్పుడు జడ్జి చూసేది ట్రాట్, అంటే మామూలు నడకకీ పరుగుకీ మధ్య వేగం. కుడి ముందు కాలు, ఎడమ వెనక కాలు జతగా లేవాలి, ఆ వెంటనే రెండో జత. అలా కాక ఒక వైపు కాళ్లు రెండూ కలిసి కదిలితే అది పేసింగ్. ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది, ఎంత మంచి కుక్కయినా తేలిపోతుంది.

ముందు మీ కుక్క వేగమేదో తేల్చుకోండి. చదునైన పచ్చికలో 20 మీటర్ల దూరం మూడు రకాల వేగాల్లో నడిపించండి. ఇంకొకరు ఫోన్‌ని మోకాలి ఎత్తులో పట్టుకుని పక్కనుంచి, ఎదురుగా, వెనకనుంచి స్లో మోషన్‌లో తీయాలి. లాబ్రడార్, డాబర్‌మన్ లాంటి వాటికి వీపు ఎగిరిపడకుండా, ముందు పాదం లేచిన చోటికి దాదాపుగా వెనక పాదం వచ్చి పడుతుంటే అదే సరైన వేగం. ఎదురునుంచి చూస్తే వేగం పెరిగేకొద్దీ పాదాలు మధ్య గీత వైపు జరుగుతాయి, అది తప్పు కాదు. మోచేతులు బయటికి తిరిగితేనే లోపం. పరుగెత్తించడమే దర్జా అనుకునే హ్యాండ్లర్లు (రింగులో కుక్కని నడిపించేవాళ్లు) చాలామంది. అసలు చెడేది అక్కడే.

షో లీడ్ (కుక్క మెడకి వేసి నడిపించే తాడు) చెవుల వెనక, దవడ కింద పైకి ఉండాలి. మిగిలిన తాడు ఎడమ చేతిలో మడిచి పట్టుకోండి. బిగించి లాగితే ముందు కాళ్లు గాల్లో తన్నుకుంటాయి.

పేసింగ్ ఎక్కువగా వచ్చేది నడకకీ ట్రాట్‌కీ మధ్య వేగంలో, లేదా కుక్క అలిసిపోయినప్పుడు. తిట్టకండి. ఆపి, చిన్న చుట్టు తిప్పి, లీడ్ ఒక్కసారి పైకి ఎత్తి వదిలేస్తూ, మొదటి అడుగులు చురుగ్గా వేయండి. అప్పటికీ మానకపోతే 5 పీవీసీ పైపులు నేల మీద పరవండి. పైపుకీ పైపుకీ ఎడం కుక్క భుజం ఎత్తంత, లాబ్రడార్‌కైతే సుమారు 22 అంగుళాలు. కాలు తగులుతుంటే రెండు అంగుళాలు అటో ఇటో మార్చి చూడండి. రోజు విడిచి రోజు 5, 6 సార్లు దాటిస్తే చాలు. అలవాటయ్యాక పైపులు 3 అంగుళాలు లేపొచ్చు. ఏడాది నిండని కుక్కపిల్లలకి మాత్రం నేల మీదే ఉంచండి.

వెనక భాగం పక్కకి జరిగి ఏటవాలుగా నడిస్తే దాన్ని క్రాబింగ్ అంటారు. చాలాసార్లు కారణం కుక్కకి తాయిలంగా మీ జేబులో పెట్టుకున్న ఉడికించిన లివర్! కుక్క మెడ మీ వైపు తిప్పితే నడుము అవతలికి పోతుంది. లివర్ గిన్నె 15 మీటర్ల ముందు పెట్టి అటు నడిపించండి. కుక్కకి ఎడమ పక్కన గోడ ఉండేలా చూసుకోండి. అప్పుడప్పుడు మీ కుడి వైపునా నడిపించండి. లీడ్ వదులుగా ఉన్నా వంకర పోకపోతే వెట్‌కి తుంటి, వెన్ను చూపించాలి.

రింగులో గడియారానికి ఎదురు దిశలో తిరుగుతారు, కుక్క మీ ఎడమన, జడ్జి వైపు ఉంటుంది. నేరుగా వెళ్లి రమ్మంటే ఎదురుగా ఒక గుర్తు చూసుకుని దాని మీదికే నడవండి, తిరిగి వచ్చేటప్పుడు జడ్జికి 2 మీటర్ల ముందే ఆగండి.

సాధన 10 నిమిషాలు మించొద్దు, ఎండాకాలంలో ఉదయం 7 లోపే. గోళ్లు నేలకి టకటక తగులుతుంటే ముందు అవి కత్తిరించండి, లేకపోతే అడుగు పొట్టిదవుతుంది. షో హాల్లో జరిగేదైతే కార్పెట్ మీద కూడా నడిపించి తీసుకెళ్లండి.