పెన్సిల్ పిల్లల చేతిలోనే ఉండాలి

చిన్న తరగతుల పిల్లలకు ఉచితంగా చదువు చెప్తామని ఉత్సాహంగా వచ్చే కొత్తవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఒకటే: పెన్సిల్ మీరు పట్టుకోకండి. లెక్క మీరు చేసి చూపించి "అర్థమైందా?" అంటే ఏ పిల్లవాడైనా అయిందనే అంటాడు. వాడిని చేయనిచ్చి పక్కన కూర్చుని చూడండి. వాడు ఎక్కడ ఆగితే మీ పని అక్కడ మొదలవుతుంది.

ఒక పాప 52లోంచి 17 తీసేసి 45 అని రాసిందనుకోండి. ఇంటూ కొట్టకండి. "ఎలా చేశావో చెప్పమ్మా" అని అడగండి. "రెండులోంచి ఏడు పోదు కదా, అందుకే ఏడులోంచి రెండు తీసేశా" అంటుంది. అంటే తీసివేత వచ్చు, పదిని విడదీయడమే రాదు. అప్పుడు పుస్తకం మూసేసి పుల్లలు తీయండి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు ఇచ్చి, అందులోంచి పదిహేడు తిరిగి ఇమ్మనండి. కాసేపు అటూ ఇటూ చూసి, తనే ఒక కట్ట విప్పుతుంది. విడి పుల్లలు 12 అవుతాయి, ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. ఉన్న నాలుగు కట్టల్లో ఒకటి ఇస్తే మూడు. కాగితం మీద పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఆ తర్వాత చెప్పండి, పట్టుకుంటుంది.

చదివించేటప్పుడు తరగతి చూసి పుస్తకం ఎంచుకోకండి. పేజీలో నాలుగైదు మాటల కంటే ఎక్కువ దగ్గర ఆగిపోతే ఆ పుస్తకం ఇంకా బరువే. గుణింతాలు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఒత్తుల దగ్గర తడబడతారు. ట, ద ఒత్తులు అసలు అక్షరంలాగే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు. త, మ, య, ర ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. వీటిని రోజుకొకటి చొప్పున, పిల్లలకు తెలిసిన మాటల్లోనే చూపించండి.

మాట దగ్గర ఆగినా, ప్రశ్నకు జవాబు రాకపోయినా వెంటనే అందించకండి. తరగతి గదుల రికార్డింగులు విని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో చెప్పింది ఇదే: టీచర్లు ప్రశ్న అడిగి సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారు, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవిగా, మెరుగ్గా వస్తున్నాయి. మూడు సెకన్లేగా అనిపిస్తుంది కానీ, మౌనంగా కూర్చుంటే మనకే టెన్షన్. మనసులో ఐదు లెక్కపెట్టుకోండి.

వారానికి రెండు రోజులు, ముప్పావుగంట చాలు. రోజూ వస్తానని నెల తిరక్కుండానే మానేసేవాళ్ల కంటే ఇదే నయం. రాలేకపోతే ముందే చెప్పండి, పిల్లలు ఎదురుచూస్తారు. వాళ్ల టీచరును కలిసి ఏ పాఠం నడుస్తోందో, ఏ పద్ధతిలో చెప్తున్నారో కనుక్కోండి. బహుమతులు, స్టిక్కర్లు నాకు నచ్చవు. "కట్ట విప్పాలని నీకే తట్టింది చూశావా" అంటే పిల్ల ముఖం వెలిగిపోతుంది.

తలుపు తెరిచే ఉంచండి, నలుగురికీ కనిపించే చోట కూర్చోండి. పిల్లలకు విడిగా ఫోన్లు, మెసేజ్‌లు వద్దు. అనుమతి లేకుండా ఫొటోలు తీయొద్దు. ఎవరో కొడుతున్నారనో, భయపెడుతున్నారనో బిడ్డ చెబితే "ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి, గుచ్చి గుచ్చి అడగకండి. వాళ్లు అన్న మాటలనే రాసుకుని, ఈ చదువు కార్యక్రమం నడిపే బాధ్యులకు ఆరోజే చెప్పండి. అయితే ఆ బాధ్యుల మీదే ఫిర్యాదైతే వాళ్ల పైవాళ్లకు.

వెళ్లేముందు నోటుబుక్కులో రెండు ముక్కలు రాయండి: "మ ఒత్తు వచ్చింది, య ఒత్తు దగ్గర ఆగుతోంది. కథ ఆరో పేజీలో ఆపాం." మీరు రాని రోజు ఇంకొకరు అక్కడి నుంచే అందుకుంటారు.