బ్యాటరీల్లోంచి కోబాల్టు తీసే ప్రాజెక్టా? వానాకాలానికి ముందే ఇవి చూసుకోండి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ ల్యాబ్ ఏటిగట్టుకు దగ్గర్లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే మొదటి హెచ్చరిక దాకా ఆగొద్దు. పాత బ్యాటరీలు, యాసిడ్ సీసాలు జూన్‌లోనే మేడ మీదికి చేర్చేయండి. హెచ్చరిక వచ్చాక ఎవరిల్లు వాళ్లు సర్దుకుంటారు, ల్యాబ్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఈ ప్రాజెక్టులో పాత బ్యాటరీల్లోని పొడిని యాసిడ్‌లో కరిగించి, సూక్ష్మజీవుల సాయంతో ఆ ద్రావణంలోంచి కోబాల్టును రాబడతాం. ఈ పనిలో సూక్ష్మజీవులంటేనే అందరికీ టెన్షన్. నిజానికి అవి అమాయకమైనవి. ఆనోడ్ అనే ఎలక్ట్రోడ్ మీద పొరలా పెరిగి, అసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లపు లవణం) లాంటివి తిని, ఎలక్ట్రాన్లు వదులుతాయి. ఆ ఎలక్ట్రాన్లు తీగ గుండా రెండో ఎలక్ట్రోడ్ అయిన క్యాథోడ్‌కు చేరితే అక్కడ ద్రావణంలోని లోహం పేరుకుంటుంది. ప్రమాదమంతా దీనికి ముందు, బ్యాటరీ విప్పే బల్ల దగ్గరే ఉంది.

ఉబ్బిన సెల్ జోలికి పోవద్దు. పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో పెట్టి, ఎండావానా తగలని చోట విడిగా ఉంచండి. మిగతావాటిని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌తో చూశాకే విప్పాలి. ఉప్పునీళ్లలో పడేస్తే చాలనే చిట్కా వినే ఉంటారు. నాకది నచ్చదు. టెర్మినళ్లు తుప్పుపట్టి సెల్ కారడం మొదలవుతుంది. సెల్ లోపలి ద్రవమైన ఎలక్ట్రోలైట్‌లో సాధారణంగా వాడే లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌కు తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. మన వానాకాలంలో గాలి నిండా తేమే కదా! ఈ హైడ్రోజన్ ఫ్లోరైడ్ చర్మానికి తగిలితే ఒక్కోసారి వెంటనే మంట కూడా తెలియదు. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకోండి. తగిలితే ముందు నీళ్లతో బాగా కడిగి, జెల్ రాసి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబ్‌లో సెల్ విప్పే పనే పెట్టుకోవద్దు. రీసైక్లింగ్ యూనిట్ నుంచి బ్లాక్ మాస్ (బ్యాటరీలను నలగ్గొట్టాక మిగిలే, లోహాలున్న నల్ల పొడి) తెచ్చుకోవడం మేలు. దానికీ మాస్కు, గ్లవుజులు తప్పవు.

యాసిడ్‌ను నీళ్లలో పోయాలే గానీ నీళ్లను యాసిడ్‌లో పోయకూడదని అందరికీ తెలుసు. పొడి బాగా కరగడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన యాసిడ్ సీసాకు మూత బిగించకూడదని మాత్రం చాలామంది మర్చిపోతారు. లోపల ఆక్సిజన్ పేరుకుని సీసా పగలొచ్చు.

సూక్ష్మజీవులకు విత్తనంగా రొయ్యల చెరువు అడుగు నల్ల బురద బాగా పనికొస్తుంది. కదిపితే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్. కాసేపటికి వాసన ఆగిందంటే గాలి బాగుపడిందని కాదు, ముక్కు మొద్దుబారి ఉండొచ్చు. ఆ బకెట్‌ను ఏసీ కారులో అద్దాలెత్తి తేవద్దు. ట్రాలీ ఆటో వెనకాల పెట్టించండి.

కోబాల్టు పేరుకోవడానికి బయటి నుంచి కొంచెం వోల్టేజీ ఇస్తుంటాం. కరెంటు పోతే పేరుకున్నది ఆమ్ల ద్రావణంలో మళ్లీ కరుగుతుంది. చిన్న యూపీఎస్ పెట్టుకోండి, లేదా ఎలక్ట్రోడ్‌ను బయటికి తీసి కడిగి ఆరబెట్టండి. క్యాథోడ్ దగ్గర హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి గాలి ఆడే గది కావాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

లిథియం నీళ్లలో లోహంగా పేరుకోదు, ద్రావణంలోనే ఉండిపోతుంది. మిగిలిన నీళ్లను సింకులోనో పంట కాలువలోనో పారబోయకుండా, లేబుల్ అంటించిన డబ్బాలో ఉంచి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం బ్యాటరీలను పాతిపెట్టడం, కాల్చడం రెండూ కుదరవు. మిగిలిన సెళ్లు పాత సామాన్ల కొట్టుకు కాకుండా రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే వెళ్లాలి.