వీడ్కోలు మ్యాచ్‌లో బాస్కెట్‌బాల్ దిగ్గజాన్ని గౌరవించడం ఎలా?

ఇష్టమైన ఆటగాడు ఈ సీజన్‌తో ఆటకు సెలవు చెబుతున్నానని ప్రకటించగానే అభిమానుల ఆలోచన ప్లకార్డుల మీదికి, బ్యానర్ల మీదికి పోతుంది. వాటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఆ ఆటగాడికి ఎలాంటి వీడ్కోలు ఇష్టం? అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకు చెందిన బోస్టన్ సెల్టిక్స్ జట్టు 1972లో బిల్ రసెల్ 6వ నంబరు జెర్సీకి విశ్రాంతినిచ్చినప్పుడు, అంటే ఆ నంబరును ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించినప్పుడు, ఆ వేడుక ప్రేక్షకులు లోపలికి రాకముందే, ఖాళీ కుర్చీల నడుమ కొద్దిమంది పాత సహచరుల సమక్షంలో జరిగింది. రసెల్ పట్టుబట్టి అలా జరిపించుకున్నాడు. టిమ్ డంకన్ 2016 జులైలో వీడ్కోలు సీజన్ అన్న ఊసే లేకుండా తప్పుకున్నాడు. మరోవైపు కరీమ్ అబ్దుల్ జబ్బార్ 1988-89 సీజన్ పొడవునా వెళ్లిన ప్రతి ఊళ్లోనూ కానుకలు అందుకున్నాడు. డ్వేన్ వేడ్ తన ఆఖరి సీజన్‌కు ‘వన్ లాస్ట్ డాన్స్’ అని పేరు పెట్టుకుని, మ్యాచ్ ముగిసిన ప్రతిసారీ ప్రత్యర్థుల్లో ఒకరితో జెర్సీ మార్చుకున్నాడు. మీరు గౌరవించబోయే ఆటగాడు ఏ కోవకు చెందుతాడో అతడి మాటలను బట్టి, ఇంతకుముందు సన్మానాల్లో అతడు మెలిగిన తీరును బట్టి అంచనా వేసుకోండి. మైకు చేతికిస్తే ముడుచుకుపోయే మనిషిని కోర్టు మధ్యలో పావుగంట నిలబెట్టడం గౌరవం అనిపించుకోదు.

తర్వాత తేదీ. వీడ్కోలు సీజన్‌లో ముఖ్యమైన మ్యాచ్‌లు మూడు రకాలు: సొంత కోర్టులో ఆఖరిది, మీ ఊరి కోర్టుకు అతడు ప్రత్యర్థిగా వచ్చే ఆఖరిది, కెరీర్ మొత్తంలో ఆఖరిది. ప్రత్యర్థి జట్టు అభిమానులకు రెండోదే ముఖ్యం, పట్టికలో దాని తేదీని ముందే గుర్తుపెట్టుకోవాలి. ఏ వేడుకనూ చివరి వారానికి వాయిదా వేయకండి. విన్స్ కార్టర్ 22వ సీజన్ 2020 మార్చి 11న అర్ధంతరంగా ఆగిపోయింది. మహమ్మారి కారణంగా లీగ్ నిలిచిపోతోందన్న వార్త అట్లాంటాలో మ్యాచ్ నడుస్తుండగానే వచ్చింది. కార్టర్‌ను కోర్టులోకి దింపాలంటూ ప్రేక్షకులు అరిచారు, కోచ్ అదనపు సమయం చివర్లో అతడిని పంపాడు, అతడు మూడు పాయింట్ల షాట్ వేశాడు, అదే అతడి ఆఖరి షాట్ అయింది. పట్టికలో ఇంకా మిగిలి ఉన్న మ్యాచ్‌ల కోసం వీడ్కోలు దాచి ఉంచినవారికి ఆ అవకాశం మళ్లీ రాలేదు. గాయాల బెడద ఉన్న ఆటగాడి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

మ్యాచ్ రోజున ఎప్పుడు లేచి నిలబడాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. రాత్రంతా చప్పట్లు కొడితే ఏ చప్పట్లకూ విలువ మిగలదు. నా లెక్కన సందర్భాలు మూడు చాలు: మ్యాచ్‌కు ముందు పేరు పిలిచినప్పుడు, కోచ్ అతడిని చివరిసారిగా బెంచ్‌కు పిలిచినప్పుడు, తుది కూత మోగిన తర్వాత. వీటిలో రెండోది అన్నిటికంటే విలువైనది, చేజారిపోయే అవకాశమూ దానికే ఎక్కువ. అందుకు కోచ్ సహకరించాలి. ఆట ఆగి ఉన్న సమయం చూసి, మిగతా నలుగురినీ కోర్టులోనే ఉంచి అతడొక్కడినే బయటికి పిలిస్తే, స్టేడియం అంతా ఒక్క మనిషినే చూస్తుంది. కూత మోగాక పిలిస్తే రెండు జట్ల ఆటగాళ్లు, కెమెరాలు, సిబ్బంది అంతా ఒక్కసారిగా కోర్టులోకి వచ్చేస్తారు, ఆ గుంపులో మనిషి కనిపించడు. స్టాండ్లలో ఉన్నవారు నాలుగో క్వార్టర్‌లో చివరి మూడు నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి స్కోరర్ టేబుల్ వైపు ఒక కన్ను వేసి ఉంచాలి. ప్రత్యామ్నాయ ఆటగాడు అక్కడికి వచ్చి కూర్చున్నాడంటే ఆ క్షణం దగ్గరపడిందన్నమాట.

ప్లకార్డు మీద ఒక్క వాక్యం రాయండి, అదీ పెద్ద అక్షరాల్లో. రాశాక గోడకు ఆనించి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి చదివి చూడండి. అక్కడి నుంచి మీకే కష్టంగా ఉంటే, కోర్టులో పరుగెత్తుతున్న మనిషికి అది కనిపించే ప్రశ్నే లేదు. నాలుగు పంక్తుల కవిత రాసుకుని, రంగులద్ది, తీరా పక్క వరుసలోనివారికి కూడా చదివించలేకపోయిన అనుభవం నాకుంది. వెనక కూర్చున్నవారికి అడ్డు రాకుండా ఆట ఆగినప్పుడే పైకెత్తాలి. ప్లకార్డు కొలతల మీద, కర్రల మీద స్టేడియం నిబంధనలు ఉంటాయి కాబట్టి ముందే చూసుకోవాలి. ప్రత్యర్థి జట్టు అభిమానులు అతడి జట్టు జెర్సీ కొని వేసుకోవలసిన అవసరం ఏమీ లేదు. మీ రంగుల్లోనే రండి. మీ రంగుల్లో ఉన్నవారు లేచి చప్పట్లు కొడితేనే ఆ దృశ్యానికి అర్థం.

అతడు ఫ్రీ త్రో (ఫౌల్‌కు బదులుగా, ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్) వేసేటప్పుడు బుట్ట వెనక కూర్చుని గోల చేయాలా, మౌనంగా ఉండాలా అన్నది తరచూ వచ్చే సందేహం. స్కోరు దగ్గరదగ్గరగా ఉంటే ఎప్పటిలాగే గోల చేయండి. ఇన్నేళ్లు అతడు ఆ గోలలోనే షాట్లు వేశాడు, ఈ ఒక్క రాత్రి జాలి చూపితే అతడిని ముసలివాడిని చేసినట్టే. ఫలితం తేలిపోయాక మాత్రం కాస్త నిశ్శబ్దం పాటించడం అందంగా ఉంటుంది.

కొన్ని ఊళ్లలో చిక్కు మరొకటి: వీడ్కోలు పలకవలసిన ఆటగాడిని ఆ ఊరే ఏళ్ల తరబడి హేళన చేసి ఉంటుంది. టొరంటో అభిమానులు 2004లో జట్టు మారిన విన్స్ కార్టర్‌ను ఆ తర్వాత దాదాపు పదేళ్లపాటు వచ్చిన ప్రతిసారీ ఎగతాళి కేకలతోనే పలకరించారు. 2014 నవంబరు 19న అతడు మెంఫిస్ జట్టుతో వచ్చినప్పుడు, మొదటి క్వార్టర్‌లో ఒక టైమ్‌అవుట్ సమయంలో టొరంటో జట్టు అతడి పాత ఆటను తెర మీద చూపించింది. మొదట్లో వినిపించిన హేళన కాసేపటికే చప్పట్లుగా మారింది, జనం లేచి నిలబడ్డారు, కార్టర్ కళ్లు తుడుచుకున్నాడు. 2024 నవంబరు 2న అదే జట్టు అతడి 15వ నంబరుకు విశ్రాంతినిచ్చింది. ఇందులో జట్టు యాజమాన్యాలు గమనించవలసినది ఏమిటంటే, క్షమించమని ఎవరూ జనాన్ని ఉపన్యాసంతో అడగలేదు. అతడు తమ కోసం ఆడిన ఆటను గుర్తుచేసి ఊరుకున్నారు.

వీడియో తయారుచేసేవారికి పని సూత్రం ఒకటే: మమ్మల్ని ఓడించిన క్షణాలను కూడా చూపించాలి. ఆటగాడు జట్టు మారి పేరు తెచ్చుకున్నా, మొదటి నుంచీ ప్రత్యర్థిగానే ఉన్నా, మీ మీద వేసిన గెలుపు షాట్‌ను మీ తెర మీద మీరే చూపించడంలో ఉన్న నిజాయతీ మరే మాటకూ రాదు. నిడివి విషయంలో కఠినంగా ఉండాలి. ఎన్‌బీఏలో ఒక్కో టైమ్‌అవుట్ 75 సెకన్లు. వీడియో నిమిషానికి మించకపోతే, మిగిలిన కాస్త సమయం అతడు బెంచ్ నుంచి లేచి చేయి ఊపడానికి సరిపోతుంది. పాత కక్ష ఉన్నచోట అలాంటి వీడియో ప్రభావం ఎంత ఉంటుందో 2019 ఏప్రిల్ 10న శాన్ ఆంటోనియోలో కనిపించింది. డాలస్ తరఫున 21 సీజన్లు ఆడిన డిర్క్ నోవిట్జ్కీ కెరీర్‌లో ఆఖరి మ్యాచ్ అది, వేదిక ఏళ్ల తరబడి పోటీపడిన స్పర్స్ జట్టు సొంత కోర్టు. స్పర్స్ తన కోసం చూపిన వీడియోకు నోవిట్జ్కీ కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు.

కానుక ఇవ్వదలిస్తే, అంగడిలో దొరికే వస్తువు కన్నా మీ ఊళ్లో మాత్రమే ఉండే వస్తువు మేలు. వీడ్కోలు సీజన్ అంతా ప్రతి ఊళ్లోనూ ఏదో ఒకటి అందుకునే మనిషికి ఇరవయ్యో జ్ఞాపిక చేతికొచ్చేసరికి మొదటిది ఏమిటో గుర్తుండదు. లేకర్స్‌కు చెందిన కోబీ బ్రయాంట్ 2015 డిసెంబరు 30న బోస్టన్‌లో ఆఖరిసారి ఆడినప్పుడు సెల్టిక్స్ తమ పేరుమోసిన పార్కే చెక్క నేలలోని ఒక ముక్కను అతడికి ఇచ్చారు. 2008 ఫైనల్లో అతడిని ఓడించి, 2010 ఫైనల్లో అతడి చేతిలో ఓడిన జట్టు ఇవ్వగలిగినదాంట్లో అంతకన్నా తగినది నాకు తట్టడం లేదు. మయామీ హీట్ 2003 ఏప్రిల్ 11న ఇంకా ముందుకు వెళ్లింది: తమ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడని మైకేల్ జోర్డాన్ 23వ నంబరుకు విశ్రాంతినిచ్చింది. గొప్ప పనే, కానీ ప్రతి జట్టూ అలా చేస్తే ఇవ్వడానికి నంబర్లే మిగలవు.

ఇక ప్రత్యర్థి ఆటగాళ్లు. వారు చేయగల మొదటి మర్యాద గట్టిగా ఆడడం. బ్రయాంట్ 2016 ఏప్రిల్ 13న తన ఆఖరి మ్యాచ్‌లో యూటా జాజ్ మీద 50 షాట్లు వేసి 60 పాయింట్లు చేశాడు, లేకర్స్ 101-96తో గెలిచింది. అతడి చివరి ఫ్రీ త్రో సమయంలో యూటా ఆటగాడు గోర్డన్ హేవార్డ్ ముందుగా గీత దాటింది కావాలనేనని, షాట్ తప్పితే మరో అవకాశం దొరికేలా చేశాడని తర్వాత ఒక కథ ప్రచారంలోకి వచ్చింది. వినడానికి ముచ్చటగా ఉన్న ఆ కథను హేవార్డే కొట్టిపారేశాడు. రాత్రంతా పోటీపడ్డామని, ఏదీ ఉచితంగా ఇవ్వలేదని చెప్పాడు. ఎవరైనా తమ గౌరవాన్ని ఇంతకన్నా బాగా చెప్పగలరని నేను అనుకోను. ఆ 60 పాయింట్లు కష్టపడి తెచ్చుకున్నవని సాక్ష్యం చెప్పగలిగేది కాపలా కాసినవాడే.

అయితే ఫలితం తేలిపోయిన మ్యాచ్‌లో ఈ నియమాన్ని కాస్త సడలించవచ్చు. 2003 ఏప్రిల్ 16న ఫిలడెల్ఫియాలో జోర్డాన్ ఆఖరి మ్యాచ్. అతడి విజార్డ్స్ జట్టు బాగా వెనకబడి ఉంది, అతడు బెంచ్ మీద కూర్చున్నాడు, నాలుగో క్వార్టర్‌లో ఫిలడెల్ఫియా ప్రేక్షకులే అతడు కావాలంటూ కేకలు వేశారు. చివరికి అతడు కోర్టులోకి వచ్చాడు. ఇంకా రెండు నిమిషాలు కూడా మిగలని సమయంలో, ఫిలడెల్ఫియా ఆటగాడు ఎరిక్ స్నో తన కోచ్ లారీ బ్రౌన్ సూచన మేరకు కావాలనే ఫౌల్ చేశాడు. జోర్డాన్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు, రెండూ పడ్డాయి, తర్వాత బెంచ్‌కు వెళ్తుంటే మూడు నిమిషాలపాటు జనం నిలబడే ఉన్నారు. మ్యాచ్ 107-87తో ఫిలడెల్ఫియా గెలిచింది. ఆ ఫౌల్ జోర్డాన్‌కు పాయింట్లు దానం చేయలేదు, ఫ్రీ త్రో గీత దగ్గర ఒంటరిగా నిలబడే అవకాశం మాత్రం ఇచ్చింది; బంతిని బుట్టలో వేయవలసిన పని అతడికే మిగిలింది. మీ జట్టు ఇలాంటిదేదైనా చేయదలిస్తే ఈ హద్దును పాటించండి. దారి వదిలి సులువైన షాట్ వేయనివ్వడం మాత్రం వద్దు, అది చూసేవారికే సిగ్గుగా ఉంటుంది.

ప్రత్యర్థి కోచ్‌లకు నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ 2019 ఫిబ్రవరి 25 నాటిది. లాస్ ఏంజెలిస్‌లో క్లిప్పర్స్, డాలస్ మధ్య మ్యాచ్‌లో 9.4 సెకన్లు మిగిలాయి. క్లిప్పర్స్ గెలుపు ఖాయమైపోయింది, మిగిలిన సెకన్లు గడిపేసి వెళ్లిపోవచ్చు. కోచ్ డాక్ రివర్స్ టైమ్‌అవుట్ అడిగాడు. ఆటగాళ్లకు చెప్పే ఎత్తుగడ ఏమీ లేదు. నేరుగా స్కోరర్ టేబుల్ దగ్గరికి నడిచి మైకు అందుకుని నోవిట్జ్కీ పేరు పలికి, ఎప్పటికీ గొప్ప ఆటగాళ్లలో ఒకడని చెప్పి, జనాన్ని లేపాడు. పొడవాటి నోవిట్జ్కీ మొహమాటంగా చేయి ఎత్తి అభివాదం చేశాడు. ఇందులో అనుకరించదగిన అంశాలు చాలా ఉన్నాయి. మ్యాచ్ తేలిపోయాకే చేశాడు కనుక ఆటకు నష్టం లేదు. టైమ్‌అవుట్ వాడాడు కనుక నియమోల్లంఘన లేదు. రెండు మాటలే మాట్లాడాడు. గెలుస్తున్న జట్టు కోచ్ కావడం ఇక్కడ కీలకం. ఓడిపోతున్న కోచ్ ఇదే పని చేస్తే దృష్టి మళ్లించినట్టు ఉండేది. మీరు ఇలా చేయాలనుకుంటే ఒక టైమ్‌అవుట్‌ను చివరిదాకా మిగుల్చుకోవాలి, మైకు దగ్గర ఉండే ఉద్యోగికి ముందే చెప్పి ఉంచాలి.

సొంత జట్టు నిర్వాహకులు అతిథులను పిలిచేటప్పుడు పాత ప్రత్యర్థులకు చోటివ్వాలి. నోవిట్జ్కీ సొంత కోర్టులో ఆఖరిసారి ఆడిన 2019 ఏప్రిల్ 9 రాత్రి డాలస్ యాజమాన్యం అతడికి తెలియకుండా చిన్నతనంలో అతడు ఆరాధించిన లారీ బర్డ్, స్కాటీ పిపెన్, చార్లెస్ బార్క్లీ, షాన్ కెంప్, డెట్లెఫ్ ష్రెంఫ్‌లను కోర్టు మీదికి తీసుకొచ్చింది. ఆ అయిదుగురిలో ఒక్కరూ డాలస్ దిగ్గజం కాదు. ఎవరిని పిలవాలన్నది జట్టు చరిత్రను బట్టి కాక, ఆటగాడి చిన్నప్పటి గది గోడ మీది బొమ్మలను బట్టి నిర్ణయించారన్నమాట.

ఆఖరి మ్యాచ్ ఓటమితో ముగిసే అవకాశమే ఎక్కువ, ముఖ్యంగా సీజన్ చివర జరిగే నాకౌట్ దశ ప్లేఆఫ్‌లలో. 2022 సెప్టెంబరు 6న మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏకు చెందిన సియాటిల్ స్టార్మ్ తన సొంత కోర్టులో లాస్ వేగాస్ చేతిలో ఓడి సెమీఫైనల్లోనే నిష్క్రమించింది. ఆ జట్టు తార స్యూ బర్డ్ కెరీర్ అక్కడితో ముగిసింది. ఓటమి బాధలో కూడా ప్రేక్షకులు ఇళ్లకు వెళ్లలేదు, ఆమెకు థ్యాంక్యూ చెబుతూ అరుస్తూనే ఉన్నారు. ఓడిన రాత్రి అభిమానులు చేయవలసింది అంతే, కుర్చీలు వదలకపోవడం. గెలిచినవారు సంబరాలను కాసేపు ఆపి వరుసగా వెళ్లి చేయి కలపాలి. ఆటోగ్రాఫులు, జెర్సీ అడగడాలు ఆ కాసేపట్లో వద్దు, అవి మర్నాటికైనా దొరుకుతాయి.

జెర్సీని పైకెత్తే వేడుక సాధారణంగా ఏడాది, రెండేళ్ల తర్వాత వస్తుంది. దాన్ని మ్యాచ్ విరామంలో ఇరికిస్తే 15 నిమిషాల్లో ముగించాలి, రెండు జట్లూ మళ్లీ వార్మప్‌కు వచ్చేస్తాయి. వీలైతే బోస్టన్ 1993 ఫిబ్రవరి 4న లారీ బర్డ్ కోసం చేసినట్టు, మ్యాచే లేకుండా ఒక సాయంత్రాన్ని పూర్తిగా కేటాయించడం మంచిది. వక్తల జాబితాలో బద్ధ ప్రత్యర్థి పేరును పైన రాసుకోండి, అతడి ప్రయాణం తేదీలు కుదిరాకే వేడుక తేదీ ఖరారు చేయండి. ఆ సాయంత్రం సెల్టిక్స్ సొంత వేదిక బోస్టన్ గార్డెన్‌కు బర్డ్ బద్ధ ప్రత్యర్థి మ్యాజిక్ జాన్సన్ లేకర్స్ జాకెట్‌తోనే వచ్చాడు. జాకెట్ తెరిస్తే లోపల సెల్టిక్స్ టీషర్టు ఉంది.