గదిలో రెండు రంగులు పొసగట్లేదా? డబ్బా మార్చే ముందు ఇవి చూడండి

సమస్య: షాపులో అదిరిపోయిన నేవీ బ్లూ, క్రీమ్ జంట గోడెక్కాక తేలిపోయింది.

కారణం చాలాసార్లు రంగులో ఉండదు, లైటులో ఉంటుంది. షాపులో 6500 కెల్విన్ (లైటు రంగుని చెప్పే కొలత) తెల్ల లైట్ల కింద ఎంచుకుంటాం, ఇంట్లో ఏమో 3000 కెల్విన్ పసుపు బల్బు వేసుకుంటాం, దాంతో క్రీమ్ ఇంకా పసుపెక్కుతుంది, నేవీ దాదాపు నల్లగా కనిపిస్తుంది. పైగా కూకట్‌పల్లి, అమీర్‌పేట లాంటి చోట్ల కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడే కదా, అది ఆరెంజ్ రంగుదైతే ఎండ పడే టైమ్‌లో ఆ ఛాయ మీ క్రీమ్ మీదికి వచ్చేస్తుంది.

పరిష్కారం: షేడ్ కార్డు చిన్న ముక్క చూసి తేల్చేయకండి. రెండింటికీ చిన్న శాంపిల్ డబ్బాలు కొని, చార్టుల మీద తెల్ల అంచు మిగలకుండా రెండు కోట్లు వేసి, ఆరాక గది మూలలో పక్కపక్కన అంటించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లేసి చూడండి. ముందు బల్బు మార్చి చూడండి, పెయింట్ కంటే బల్బు చవక!

సమస్య: ముదురు ఆకుపచ్చ పక్కన లేత బీజ్ (ఇసుక రంగు) గులాబీగా కనిపిస్తోంది.

కన్ను చేసే పని ఇది, పక్క రంగుకి ఎదురు ఛాయని లేత రంగులో చూపిస్తుంది. ముదురుదాన్ని వదిలేసి, లేతదాన్నే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్నదానికి మార్చండి.

సమస్య: ముదురు గోడ రెండు కోట్ల తర్వాతా మచ్చలు మచ్చలుగా ఉంది.

ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే రంగులు కలపకముందు ఉండే మూల పెయింట్‌లో, తెల్ల పిగ్మెంట్ తక్కువ, అందుకే కింది లప్పం, ప్రైమర్ తెలుపు తొంగిచూస్తుంది. పెయింటర్ "నాలుగో కోటు, ఐదో కోటు" అంటాడు గానీ, కింద బూడిద రంగు ప్రైమర్ వేయిస్తే సాధారణంగా అంత దూరం పోదు.

సమస్య: రెండు రంగులు కలిసే గీత వంకర.

మాస్కింగ్ టేప్ కిందికి రంగు కారింది. టేప్ అంచు మీద ముందు లేత రంగే ఒకసారి పూసి ఆరనిచ్చి, తర్వాత ముదురుది వేసి, అది పూర్తిగా ఆరకముందే టేప్ లాగేయండి.

సమస్య: గది ఇరుగ్గా, కిటికీ వైపు చూస్తే కళ్లు లాగుతున్నాయి.

ముదురు రంగు కిటికీ ఉన్న గోడకే వేసుంటారు. నన్నడిగితే పది బై పది గదికి అది ఒక్క గోడకి చాలు, అదీ కిటికీకి ఎదురుగా.