గండికోట ర్యాలీకి గుంపుగా వెళ్ళే రైడర్లకు

శని, ఆదివారాల్లో జరిగే మోటారుసైకిల్ ర్యాలీకి తోటి రైడర్లతో కలిసి వెళ్ళాలనుకునేవారు చాలామంది జాకెట్టు, గ్లవ్సు, ఫోను స్టాండు కొనడంతోనే సన్నాహం ముగిసిందనుకుంటారు. ఒంటరిగా ఎంతో దూరం తిరిగిన మంచి రైడరు కూడా గుంపులో ఇబ్బందిపడడం, తోటివారిని ఇబ్బందిపెట్టడం మనం చూస్తూనే ఉంటాం. మనం వేసే ప్రతి బ్రేకుకూ వెనక వచ్చేవారు లెక్క చెప్పుకోవలసి రావడమే అందుకు కారణం. కర్నూలు, అనంతపురం, కడప వైపు రైడర్లు కలుసుకోవడానికి గండికోట అందరికీ అనువైన చోటు కనుక ఇక్కడ ఆ దారులనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. లేపాక్షికి వెళ్ళినా, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు వెళ్ళినా పద్ధతి ఇదే.

రాయలసీమలో ఇటువంటి ప్రయాణానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు జాకెట్టు వేసుకుని నడిపితే ఉడికిపోతాం, విప్పేసి నడిపితే పడినప్పుడు చర్మం మిగలదు. ఆ రెండు నెలలూ ర్యాలీ పెట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. తప్పదంటే పొద్దున పది గంటలలోపు చేరేటట్లు లెక్క వేసుకోవాలి.

బండిని సర్వీసుకు ఇవ్వవలసింది శుక్రవారం సాయంత్రం కాదు, కనీసం వారం ముందు. మెకానిక్కు విప్పి బిగించిన బోల్టు, కొత్తగా వేసిన క్లచ్ వైరు, బ్రేకు ప్యాడ్లు సరిగా కుదిరాయో లేదో యాభై కిలోమీటర్లు తిరిగితే గాని తెలియదు. ఆ సంగతి మన వీధిలో తెలియాలి గాని కొండాపురం దాటాక తెలియకూడదు. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఎందుకంటే కొంత దూరం నడిపిన తరువాత వేడికి గాలి ఒత్తిడి పెరిగి తప్పు అంకె కనిపిస్తుంది. ఎంత పెట్టాలన్నది యజమాని పుస్తకంలో, చాలా బండ్లకు చైను గార్డు మీద లేదా స్వింగ్ ఆర్మ్ మీద అంటించిన చీటీలో ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు వేరే అంకె ఇచ్చి ఉంటారు. చైను వదులు కూడా ఆ పుస్తకంలో చెప్పినంతే ఉండాలి. మరీ బిగించిన చైను వదులు చైను కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు.

సామాను బరువు ఎంత కిందికి, ఎంత ముందుకు ఉంటే అంత మంచిది. వెనక క్యారియరు మీద ఎత్తుగా కట్టిన సంచి మలుపుల్లో బండిని వెనక్కి లాగుతుంది. రబ్బరు తాళ్ళ కొక్కేలు చక్రం వైపు వేలాడకుండా, సంచి సైలెన్సరుకు తగలకుండా చూసుకుని, మొదటి పది కిలోమీటర్ల తరువాత ఒకసారి ఆగి కట్టు మళ్ళీ బిగించాలి. వెనక కూర్చునేవారు ఆడవారైతే చున్నీ, చీర కొంగు చైనుకు అందకుండా ముందే ముడి వేసుకోవాలి. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్టు ఇద్దరికీ తప్పనిసరి, పట్టీ బిగించినప్పుడే దాన్ని పెట్టుకున్నట్లు. లైసెన్సు, ఆర్సీ, బీమా, పొల్యూషన్ పత్రాలు డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయి గాని ఫోను చార్జింగు అయిపోతే ఎవరూ ఏమీ చేయలేరు, అందుకని జిరాక్సు కాపీలు సీటు కింద ఉంచుకోవాలి. రక్తం గ్రూపు, ఇంట్లోవారి ఫోను నంబరు రాసిన చీటీ ఒకటి జేబులో, ఇంకొకటి నిర్వాహకుల దగ్గర ఉండాలి.

ఇక దారుల విషయం. అనంతపురం నుంచి వచ్చేవారు తాడిపత్రి, ముద్దనూరు మీదుగా, కడపవారు ఎర్రగుంట్ల మీదుగా, కర్నూలువారు బనగానపల్లె, కొలిమిగుండ్ల మీదుగా జమ్మలమడుగు చేరతారు. అక్కడి నుంచి గండికోటకు దాదాపు 15 కిలోమీటర్లు. జమ్మలమడుగులోనే పెట్రోలు నింపుకుని, కొంత నగదు కూడా దగ్గర ఉంచుకోవాలి. ఈ మూడు దారుల్లోనూ సిమెంటు లారీలు, నాపరాయి లారీలు ఎక్కువ. ఎర్రగుంట్ల వైపు థర్మల్ కేంద్రం నుంచి వచ్చే బూడిద లారీలు కూడా తోడవుతాయి. లారీ వెనక దగ్గరగా నడిపితే కళ్ళలో దుమ్ము పడడం ఒక ఎత్తు, బండల లారీ మీది నుంచి జారే రాతి చెక్కలు మరొక ఎత్తు. దాటేయగలిగితే చూసి దాటాలి, లేకపోతే బాగా వెనక్కి తగ్గాలి. రెండింటికీ మధ్య ఊగిసలాడుతూ లారీ చక్రాల దగ్గరే నడిపేవారికే ప్రమాదం ఎక్కువ.

కోతల రోజుల్లో రోడ్డులో సగం కళ్ళంగా మారుతుంది. జొన్నలో శనగలో ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. సాయంత్రం గింజలు ఎత్తుకుపోయిన తరువాత కూడా ఆ రాళ్ళు వరసగా అక్కడే ఉండిపోతాయి. చీకట్లో నడిపేవారికి అవి హెడ్‌లైటు వెలుగులో పడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. గొర్రెల మంద ఎదురైతే హారను కొట్టి లాభం లేదు, బెదిరిన గొర్రె ఎటు దూకుతుందో కాపరికే తెలియదు. ఎడమకు ఆగి, ఇంజను శబ్దం తగ్గించి నిలబడితే మంద తనంతట తానే పక్కనుంచి పారిపోతుంది. తెల్లవారకముందే బయలుదేరాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది కాని, ఈ కారణాలవల్ల వెలుతురు వచ్చిన తరువాత ఆరు, ఆరున్నర గంటలకు కదలడమే మంచిది.

గుంపు నడక గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక గుంపులో ఆరు నుంచి ఎనిమిది బండ్లు చాలు. ఇరవై మంది వస్తే మూడు గుంపులుగా విడిపోయి పది నిమిషాల తేడాతో బయలుదేరాలి. ప్రతి గుంపుకూ ముందు నడిచే లీడు, చివర వచ్చే స్వీపు ఉంటారు. లీడుగా ఉండాలని అందరికీ ఉంటుంది గాని అనుభవం ఎక్కువ కావలసింది స్వీపుకే: ఎవరి బండి ఆగినా ఆయన ఆగాలి, పంక్చరు కిట్టు, ప్రథమ చికిత్స పెట్టె ఆయన దగ్గరే ఉండాలి, తన ముందున్నవారిలో ఎవరు అలసిపోయారో వారి భుజాలు చూసి ఆయనే గ్రహించాలి.

కొత్తవారిని, వంద సీసీ బండి తెచ్చినవారిని చివరకు నెట్టడం మన దగ్గర తరచూ కనిపించే అలవాటు. దానివల్ల ఏమి జరుగుతుందో చూడండి. లీడు ఒక స్పీడు బ్రేకరు దాటి వేగం అందుకునే సమయానికి రెండో బండి దాని మీదే ఉంటుంది, మూడోది ఇంకా బ్రేకు వేస్తుంటుంది. గూడ్సు రైలు కదిలేటప్పుడు పెట్టెల మధ్య సందు ఒకదాని తరువాత ఒకటి సాగినట్లు ఈ ఎడం కూడా వెనక్కి సాగుతూ పోతుంది. ముందున్నవారు 60లో నిదానంగా వెళ్తున్నామనుకుంటుంటే చివరి మనిషి వారిని అందుకోవడానికి 80 దాటి తరుముకు వస్తుంటాడు. ఆ పని అందరికంటే బలహీనమైన బండికి, అందరికంటే అనుభవం తక్కువ ఉన్న మనిషికి అప్పగించడం అన్యాయం. అందుకని వారిని లీడు వెనకే, రెండో స్థానంలో ఉంచి, గుంపు వేగాన్ని వారిని బట్టే నిర్ణయించాలి. ఇది నచ్చని రైడరు ఉంటే ఆయన ఒంటరిగా వచ్చి గండికోటలో కలవవచ్చు, అందులో తప్పేమీ లేదు.

వెడల్పైన రోడ్డు మీద బండ్లు ఒకే గీతలో కాకుండా రెండు గీతల్లో, అంటే లీడు తన లేనులో కుడివైపు, రెండోవారు ఎడమవైపు, మూడోవారు మళ్ళీ కుడివైపు నడవాలి. నేరుగా మన ముందున్న బండికి రెండు సెకన్లు, పక్క గీతలో ఉన్న బండికి ఒక సెకను ఎడం ఉండాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది కాబట్టి రెండు సెకన్లంటే 33 మీటర్లు. ముందు బండి ఒక మైలురాయిని దాటిన క్షణం నుంచి లెక్కపెట్టుకుంటే ఎడం సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడపడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు, గుంత వచ్చినప్పుడు తప్పుకోవడానికి చోటుండదు. ముద్దనూరు, జమ్మలమడుగుల మధ్య ఘాటు రోడ్డులాంటి చోట్ల, ఇరుకు వంతెనల మీద, ఊళ్ళలో అందరూ ఒకే వరసలోకి రావాలి. లీడు ఎడమచేతి చూపుడువేలు పైకెత్తితే అదే దానికి గుర్తు. అరచేయి కిందికి ఊపితే వేగం తగ్గించమని, పెట్రోలు ట్యాంకును తట్టితే బంకు దగ్గర ఆగమని, ఏ కాలు బయటికి చాపితే ఆ వైపు గుంత ఉందని అర్థం. ఈ సంకేతాలు బయలుదేరే ముందు అందరి ఎదుటా ఒకసారి చేసి చూపించాలి, ఒక్కొక్క క్లబ్బుది ఒక్కొక్క అలవాటు. కుడి, ఎడమ ఇండికేటర్లు రెండూ వెలిగించుకుని నడపడం మానుకోవాలి. అలా నడిపితే మనం ఎటు తిరుగుతామో ఎవరికీ తెలియదు.

లారీని లీడు దాటాడు కదా అని వెనకవారు కళ్ళు మూసుకుని దాటకూడదు. ఎదుటి రోడ్డు ఎవరికి వారు చూసుకుని, ఒక్కొక్కరే దాటాలి. దాటిన బండి వెంటనే నెమ్మదిస్తే తరువాత వచ్చేవారికి లారీ ముందు చోటు దొరకదు కనుక, అది కొంతదూరం అదే వేగంలో ముందుకు సాగాలి. దారి తప్పకుండా ఉండడానికి మరొక నియమం ఉంది: ప్రతివారూ అద్దంలో తమ వెనక బండిని కనిపెట్టుకోవాలి, అది కనిపించకపోతే వేగం తగ్గించాలి, మలుపు వస్తే అది కనిపించేవరకు ఆగాలి. అందరూ ఈ ఒక్కటి పాటిస్తే ఆ కబురు అద్దం నుంచి అద్దానికి లీడు వరకు చేరుతుంది, దారి మధ్యలో ఫోన్లు చేసుకోవలసిన అవసరం ఉండదు.

గంటకు ఒకసారైనా ఆగి, దాహం వేయకపోయినా నీళ్ళు, మజ్జిగ తాగాలి. తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జీ తినకుండా రమ్మని ఎవరికీ చెప్పలేను గాని కడుపు నిండా తిని వెంటనే బండెక్కితే నిద్ర వస్తుంది. ప్రమాదం జరిగితే 108కి గాని 112కి గాని ఫోను చేయాలి. పడినవారి హెల్మెట్టును తొందరపడి లాగకూడదు, మెడకు దెబ్బ తగిలి ఉంటే అది ప్రాణం మీదికి తెస్తుంది.

గండికోట చేరిన తరువాత మొదటి పని బండి నిలపడం. అది కూడా చూసి చేయవలసిన పనే. ఆ చుట్టుపక్కల నల్లరేగడి నేల ఉన్నచోట వాన పడితే బురద చక్రానికి పట్టి మడ్‌గార్డులో బిగుసుకుపోతుంది, పొడిగా ఉన్నా సైడు స్టాండు మెల్లగా దిగబడి తెల్లారేసరికి బండి పడిపోయి ఉంటుంది. కాబట్టి రాతినేల మీద నిలపాలి, లేదా స్టాండు కింద నాపరాతి ముక్క పెట్టాలి. అక్కడ వాటికి కొదవ లేదు. కోట లోపల ఊరుంది, మనుషులు కాపురముంటున్నారు. రాత్రిపూట సైలెన్సర్లు మోగించడం, మాధవరాయ స్వామి గుడి ముందో, జామియా మసీదు ముందో ఇంజను రేజు చేయడం మర్యాద కాదు. ఆ వినోదం ఇష్టమైనవారు ర్యాలీలకు చెడ్డపేరు తెస్తున్నారని నిష్ఠూరంగానే చెప్పవలసి వస్తోంది. పెన్న లోయ అంచున కంచె లేదు కనుక గుడారాలు దూరంగా వేసుకుని, చీకటి పడ్డాక అటు వెళ్ళకుండా ఉండాలి. మద్యం సంగతి చట్టం తేల్చేసింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే నేరం. రాత్రి ఆలస్యంగా తాగినది పొద్దునకు పూర్తిగా దిగుతుందన్న భరోసా లేదు.

ర్యాలీల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పోటీ నిదాన పందెం. కాలు నేలకు ఆనించకుండా, గీత దాటకుండా అందరికంటే చివర గమ్యం చేరినవారే గెలుస్తారు. మొదటి గేరులో క్లచ్చును సగం పట్టి, యాక్సిలరేటరును కదపకుండా ఉంచి, వేగాన్ని వెనక బ్రేకుతోనే తగ్గించుకోవాలి. ముందు బ్రేకు ముట్టుకుంటే హ్యాండిలు తిరిగి పడిపోతారు. చూపు ముందు చక్రం మీద కాకుండా గమ్యం మీద ఉండాలి. దీన్ని సాధన చేసినవారు సంతలో, ఘాటు మలుపుల్లో కూడా బండిని చక్కగా అదుపు చేస్తారు.

బండ్లు మార్చుకుని ఒక రౌండు కొట్టే సరదా దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. పాత బుల్లెట్‌కు గేరు కుడివైపు, వెనక బ్రేకు ఎడమవైపు ఉంటాయి. కొత్త బండ్లకు అలవాటుపడిన కాలు కంగారులో బ్రేకు అనుకుని గేరును తొక్కుతుంది. పాత జావా, యెజ్డీలవి టూ స్ట్రోక్ ఇంజన్లు, పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. అరువు తీసుకున్న మిత్రుడు మర్యాదకొద్దీ బంకులో ఒట్టి పెట్రోలు పోయిస్తే పిస్టను పట్టేస్తుంది. ఇచ్చేవారు చెప్పాలి, తీసుకునేవారు అడగాలి, ఇద్దరికీ మొహమాటంగా ఉంటే అసలు మార్చుకోకూడదు.

తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నంలోపే మొదలుకావాలి. గండికోట నుంచి అనంతపురం పడమట ఉంది, సాయంత్రం బయలుదేరితే సూర్యుడు దారి పొడవునా కళ్ళలోనే ఉంటాడు. కడప వైపు పోయేవారికి సూర్యుడు వెనక ఉంటాడు గాని, అప్పుడు ఎదురువచ్చే లారీ డ్రైవరుకు మనం కనపడమన్న సంగతి గుర్తుంచుకుని హెడ్‌లైటు వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ఇంటికి చేరిన వెంటనే స్వీపుకు కబురు పంపాలి, చివరి కబురు అందేవరకు ఆయన నిద్రపోడు. మరునాడు చైనును కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, కొత్తగా ఆయిలు పట్టించాలి. సిమెంటు దుమ్ము చైను ఆయిలుతో కలిస్తే గరుకు ముద్దగా మారి పళ్ళ చక్రాలను అరగదీస్తుంది. గాలి ఫిల్టరు కూడా అప్పుడే విప్పి దులపాలి.